మండని వేలు

పైవాటాలో అద్దెకున్న కెజియా
నర్సింగు అయిపోయి ఊరు మారుతూ
పంజరం నా గుమ్మంలో దింపింది.
"కాకటీల్ అంటారత్తా. తొందరపడకు, అదే వస్తది" అంది.
ఆటో మలుపు తిరిగేదాకా నువ్వు అటే చూశావు.
తర్వాత నన్ను చూశావు.
తలమీద కుచ్చు నిక్కబొడుచుకుని
గడ్డిపరకంత సన్నమైపోయావు.

సంగడిగుంటలో ఒక్క గది నాది.
పొయ్యీ, మంచమూ, మరియమ్మ పటమూ అందులోనే.
పొయ్యికి దూరంగా, వెనక గోడ ఆసరా ఉండేట్టు
కుట్టుమిషను మీద నిన్ను పెట్టాను.
పొగ నీకు పడదని
ఆ వారం పప్పులో ఎండుమిరపకాయ వెయ్యలేదు.
గుంటూర్లో,
ఎండుమిరపకాయ లేని తాలింపు!
పక్కింటి హుసేన్‌బీ గుమ్మంలోకొచ్చి
"ఒంట్లో బాగుందా శౌరమ్మా" అని అడిగింది.

పందొమ్మిదేళ్ళుగా తొడిమలు తీస్తున్న చేతులివి.
తేజ కాయో, బాడిగ కాయో, తాలు కాయో
కళ్ళు మూసుకుని వేళ్ళతో చెప్తాను.
సబ్బుకి పోదు, బూడిదకి పోదు,
మజ్జిగలో నానబెడితే కాసేపు కునుకు తీస్తుంది మంట.
చంటిబిడ్డని ఎత్తుకోమని
నాకెవరూ ఇవ్వరు. అలవాటైపోయింది.
నువ్వూ అంతే,
మనిషిని చూసి కాదు, చేతిని చూసి భయపడ్డావు.
గిన్నెలో నీళ్ళు మార్చబోతే
తాచుపాములా బుసకొట్టావు,
పిడికెడు లేవు.
నవ్వొచ్చింది. రెండోసారి రాలేదు.

చేతులు చంకల్లో పెట్టుకుని కూర్చోవడం నేర్చుకున్నా.
నీవైపు చూడకుండా గోడతో మాట్లాడేదాన్ని,
మేస్త్రి తూకంలో ఎంత కొట్టేశాడో,
కోల్డ్‌స్టోరేజీ గేట్లో లారీ ఎట్లా ఇరుక్కుందో.
నాలుగో రోజు, నేను అన్నం తింటుంటే
నువ్వూ ఒక గింజ కొరికావు.
టిక్కుమని చిన్న చప్పుడు.
ముద్ద నోట్లోనే ఆపి విన్నాను.

ఒక రాత్రి కరెంటు పోయింది.
చీకట్లో పంజరమంతా దడదడ కొట్టుకున్నావు.
ఈక విరిగి కాగితం మీద నెత్తురు చుక్క.
లోపల చెయ్యి పెట్టలేదు.
పెట్టాలని ఎంతుందో, పెట్టలేదు.
ఫోను లైటు వేసి, నీకు పేరైనా లేదుగా,
"ఓయ్, ఓయ్" అంటూ తెల్లారేదాకా కూర్చున్నా.
ఆ పేరే ఉండిపోయింది.

ఆదివారం పనికి పోనక్కర్లేదు.
శనివారం రాత్రి నుంచే
మజ్జిగ, శనగపిండి, కొబ్బరినూనె, మళ్ళీ మజ్జిగ.
చూపుడువేలు నా కంటిరెప్పకి ఆనించి చూసుకున్నా.
భగ్గుమంది. కడుక్కున్నా.
మళ్ళీ ఆనించా. చురుక్కుమంది.
మూడోసారి
ఏమీ లేదు.
ఉత్త వేలు.
ఎన్నేళ్ళయిందో నా కంటిని నేను ముట్టుకుని.

తెరిచిన తలుపు దగ్గర కొర్రకంకి పట్టుకున్నా,
పొడుగాటిది, కాడ చివర్న వేలు దాచి.
ఒక గింజ. వెనక్కి.
రెండు గింజలు. వెనక్కి.
ఆదివారానికి అంగుళం చొప్పున
కంకి పొట్టిదవుతూ నా వేలిదాకా రావడానికి
ఐదు ఆదివారాలు.

కుచ్చు లేచింది, సగం దిగింది, ఆగింది.
ఒక కాలు పెట్టి తీసేశావు.
ఇది కొమ్మేనా అని ముక్కుతో కొరికి చూశావు.
ఎక్కావు.
మా యార్డు కాటాలో ముల్లు కూడా కదలదు నీ బరువుకి.
కాళ్ళు గోరువెచ్చగా ఉన్నాయి.
అంత దగ్గర్నుంచి అప్పుడే చూశాను,
నీ బుగ్గలమీద పండుమిరప రంగు చుక్కలు.
ఏందే ఓయ్, నువ్వూ మా యార్డు దానివేనా?

సోమవారం పొద్దున, టిక్కీల మధ్య
నీ గోరు గీరిన చోట
మిరప దూరి మండింది.
రత్తాలు చూసి, కొంగు తడిపి చుట్టనా అంది.
వద్దన్నాను.
ఊదుకోలేదు కూడా.